ఐరావతం చివరికి ఆగిందా?

శుభవార్త మా పెళ్లయిన ఇరవై ఆరో రోజున ఉదయం ఎనిమిదిన్నరకు వచ్చింది. నేను జీవితంలో మొదటిసారి గుండ్రంగా వచ్చిన పెసరట్టును పెనం మీంచి తీస్తున్నాను. త్రినాథ్ ఒక చేత్తో ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. రెండో చేత్తో పళ్లెం కూడా పట్టుకుని వచ్చాడు కాబట్టి వార్త మరీ కంగారు పడాల్సింది కాదని తెలిసిపోయింది.

"హైమా, కంపెనీ వాళ్లు మెసేజ్ పెట్టారు. చదవనా?"

"చదువు."

"'గౌరవనీయ వినియోగదారునికి అభినందనలు. మీ ఐరావతం వాహనానికి సంబంధించిన బ్రేకు ఫిర్యాదు సంపూర్ణముగాను, సంతోషకరముగాను పరిష్కరించబడినదని తెలియజేయుటకు మిక్కిలి ఆనందించుచున్నాము. మీ సంతోషమునకు ఒకటి నుండి అయిదు వరకు నక్షత్రములు ఇవ్వగలరు.'"

ఇద్దరం కిటికీలోంచి వాకిట్లోకి చూశాం. ఐరావతం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ముందు చక్రాలకు చెరో బండరాయి, వెనక చక్రాలకు చెరో ఇటుక. కంపెనీ మనిషి ఎవరూ వచ్చిన జాడ లేదు.

"ఎలా బాగుచేశారంటావు?" అన్నాను.

"దూరం నుంచే చేస్తారేమో. డాక్టర్లు కూడా ఈమధ్య ఫోన్లోనే చూసేస్తున్నారుగా."

ఆ రోజుల్లో నా మనసు అన్నిటికీ అయిదు నక్షత్రాలు ఇచ్చేది. కొత్త కుక్కర్ విజిలుకి, మేడ మీద ఆరేసిన రెండు తువాళ్లకి, త్రినాథ్ మెడ వెనక ఉన్న పుట్టుమచ్చకి ఇచ్చేశాను. అదే ఊపులో ఫోను తీసుకుని కంపెనీకి కూడా అయిదు నొక్కాను. ఆ నొక్కుడే తరవాత మా మెడకు చుట్టుకుంది.

ఐరావతం సంగతి చెప్పాలి. అది పదకొండేళ్ల వయసున్న పెద్ద బండి. కొండ అయినా వాగు అయినా దాటుకుపోతుందని అప్పట్లో ప్రకటనల్లో చూపించేవారు. కంపెనీ పేరు నేను రాయను. రాస్తే ప్రచారమని సంతోషిస్తారు. పెళ్లికి నెల ముందు త్రినాథ్ దాన్ని ఒక రిటైర్డ్ డాక్టరు గారి దగ్గర కొన్నాడు. పెళ్లయ్యాక మన మొదటి ప్రయాణం అరకుకు, అదీ ఈ బండిలోనే అని నాకు మాటిచ్చాడు. హారన్ కొడితే ఒక్కోసారి వైపర్ కూడా ఊగేది. మండుటెండలో వైపర్ ఊగుతుంటే నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని.

దాని బ్రేకుకు మాత్రం ఒక పద్ధతి ఉంది. మొదటిసారి తొక్కితే పెడల్ నేల దాకా పోతుంది. రెండోసారి తొక్కితే నిట్టూరుస్తుంది. మూడోసారికి ఆలోచనలో పడుతుంది. మా ఇల్లు విశాఖపట్నంలో ఒక కొండవాలు వీధికి పైచివర ఉంది. వీధి కిందిచివర నూకాలమ్మ కొబ్బరిబొండాల బండి, దాని వెనక తాగేసిన బొండాల డొక్కల కుప్ప, ఆ కుప్పకు ఆనుకుని ప్రాథమిక పాఠశాల గేటు ఉన్నాయి. నూకాలమ్మ దగ్గర ఆగాలంటే త్రినాథ్ వీధి మధ్యలో ఉన్న రేషన్ డిపో దగ్గరే తొక్కడం మొదలుపెట్టేవాడు. ఇంత ముందుచూపున్న మొగుడు దొరికాడని నేను సంబరపడ్డాను.

పదకొండో రోజున, ఏదో మాటకి ఇద్దరం నవ్వుకుంటూ, రేషన్ డిపో దాటాక తొక్కడం మొదలుపెట్టాం. బండి నూకాలమ్మ పక్కనుంచి, చీర చెంగు ఎగిరేంత దగ్గర నుంచి పోయి డొక్కల కుప్పలో దూరి ఆగింది. ఆవిడ బొండాం కొట్టబోతున్న కత్తి గాల్లోనే ఉండిపోయింది. బడి గేటు ఆ వేళకి మూసి ఉంది. త్రినాథ్ చేతులు వణకడం నేను అప్పుడే చూశాను. ఆ తరవాత అరకు మాట మళ్లీ ఎత్తలేదు.

మెకానిక్ పైడిరాజు బండి కింద దూరి చూసి బయటికొచ్చాడు.

"బూస్టరు పోనాది బాబూ. మీరెంత తొక్కినా ఆ తొక్కుడు సక్రాల దాకా ఎల్లట్లేదు."

"అయితే మార్చేయ్ పైడిరాజూ."

"నాకాడేది? ఈ మోడలు కంపెనీవోడు మానేసి ఆరేళ్లయిపోనాది. బజార్లో దొరకదు. ఆళ్ల గోడౌన్లో మాత్రం దొంతర్లు దొంతర్లుగా ఉన్నాయంట. ఫిర్యాదు ఒప్పుకున్నట్టు నెంబరుంటేనే ఇత్తారు. అందాకా దీన్ని కదపకండి. కదిపితే ఫస్టు గేర్లో, హేండ్ బ్రేకు సేతిలో ఎట్టుకుని."

అలా పెట్టిన ఫిర్యాదు, పెసరట్టు వేళకు పరిష్కారమైపోయింది.

*

మర్నాడు సర్వీసు కేంద్రానికి బయల్దేరాం. బండిని వేరే బండికి కట్టి లాక్కెళదామనుకున్నాం గానీ, నిబంధన ఒప్పుకోదని ఫోన్లో చెప్పారు. బ్రేకు ఫిర్యాదు ఉన్న వాహనం సొంతంగా నడిచి రావాలి. లాగి తెచ్చిన వాహనాన్ని ఆపే బాధ్యత లాగినవాడిది అవుతుందట. అందుకని ఫస్టు గేర్లో, ఊరేగింపులో దేవుడి పల్లకిలా, రెండు గంటల్లో చేరాం. దారిలో నేను నాలుగుసార్లు దిగి మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని మళ్లీ ఎక్కాను. బండి ఆగక్కర్లేకపోయింది.

లోపల చల్లటి గదిలో మమ్మల్ని కీర్తివర్ధన్ గారు కలిశారు. ఆయన బల్ల మీద 'కస్టమర్ ఆనంద విభాగం, సీనియర్ ఆనంద నిర్వాహకులు' అని ఉంది. మాకు బిస్కట్లు పెట్టించారు.

"ఫిర్యాదు పరిష్కారమైందన్నారు గానీ, బ్రేకు అలాగే ఉందండి," అన్నాడు త్రినాథ్.

కీర్తివర్ధన్ గారు కంప్యూటర్ చూశారు. "మేడమ్ అయిదు నక్షత్రాలు ఇచ్చి ఉన్నారు కదండీ."

"అవి వేరే సంతోషంలో ఇచ్చానండి," అన్నాను.

"మా విభాగం సంతోషాన్ని మాత్రమే నమోదు చేస్తుంది మేడమ్. కారణాల్లోకి వెళ్లదు."

త్రినాథ్ బిస్కట్ పక్కన పెట్టాడు. "అసలు ఎవరు చూసి పరిష్కరించారండీ?"

"ఫారమే చూసింది సార్. గతంలో బ్రేకు ఫిర్యాదుకు నలభై ఒక్క ప్రశ్నలుండేవి. కస్టమర్లకు శ్రమ అని ఉన్నతస్థాయి కమిటీ దాన్ని ఒక్క ప్రశ్నకు కుదించింది." ఆయన ఫారం మా వైపు తిప్పారు. దాని మీద పెద్దక్షరాల్లో ఇలా ఉంది: *వాహనం చివరికి ఆగిందా? అవును / కాదు.* "మీరు 'అవును' అని నొక్కారు. ఆగిన వాహనానికి బ్రేకు సమస్య ఉండదు. కనుక పరిష్కారం."

"ఆగింది కానీ కొబ్బరి డొక్కల్లో ఆగిందండి."

"ఎక్కడ ఆగాలన్నది కస్టమర్ గారి అభిరుచి. అందులో సంస్థ జోక్యం చేసుకోదు."

"బ్రేకు వల్ల ఆగలేదండీ. డొక్కల వల్ల ఆగింది."

"దేనివల్ల అన్నది చాలా లోతైన ప్రశ్న సార్. అది ముప్పై ఆరో ప్రశ్నగా ఉండేది. తీసేశాం."

నేను ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుకున్నాను. అక్కడ లెక్కలోకి రాని మొక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందుకని అడిగాను, "ఇంతవరకూ ఎవరైనా 'కాదు' అని రాశారా అండీ?"

ఆయన ముఖం వెలిగింది. "ఒక్కరు కూడా లేరు మేడమ్. నాలుగు జిల్లాల్లో, మూడేళ్లలో, మా దగ్గరికి వచ్చిన ప్రతి ఐరావతం యజమానీ ఆగిన తరవాతే వచ్చారు."

"ఆగనివాళ్లు?"

"వాళ్లు రాలేదు. అంటే వాళ్లకి ఫిర్యాదు లేనట్టే కదండీ."

బిస్కట్లు బాగున్నాయి. అది మాత్రం ఒప్పుకోవాలి.

*

ఆ సాయంత్రం నూకాలమ్మ దగ్గర ఒకే బొండాంలో రెండు గొట్టాలు వేసుకుని ఆలోచించాం. ఆగిన బండికి ఫిర్యాదు లేదంటే, ఆగని బండిని తీసుకెళ్లాలి. దారి అంత తేలికగా దొరికేసరికి మాకు మళ్లీ హుషారొచ్చి, రెండో బొండాం కూడా కొట్టించుకున్నాం.

మర్నాడు సర్వీసు కేంద్రం ఆవరణలోకి ఫస్టు గేర్లోనే వెళ్లాం. నేను నడుస్తున్న బండి దిగి లోపలికి వెళ్లాను. త్రినాథ్ హేండ్ బ్రేకు మీద చెయ్యి వేసుకుని జెండా స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"మా బండి ఆగలేదండి," అన్నాను.

కీర్తివర్ధన్ గారు అద్దంలోంచి చూశారు. ఐరావతం ఒక చుట్టు పూర్తి చేసి రెండో చుట్టులోకి వెళ్లింది. త్రినాథ్ మర్యాదగా తల ఊపాడు.

"ఇది మాకు ప్రథమ సందర్భం," అంటూ ఆయన సొరుగులోంచి 'కాదు' అనే ముద్ర తీశారు. ఎప్పుడూ వాడక దాని రబ్బరు బిగుసుకుపోయింది. "సరేనండీ, యజమాని సంతకం కావాలి. ఆయన్ని ఒకసారి ఆగి రమ్మనండి."

"ఆగితే 'అవును' అయిపోతుంది కదండీ."

ఆయన నియమావళి తెప్పించి పద్నాలుగు పేజీలు తిప్పారు. సంతకం వేళ వాహనం ఏ స్థితిలో ఉండాలో ఎక్కడా లేదు. లేని నిబంధనను అతిక్రమించడం ఇష్టంలేని మనిషి కాబట్టి, కోటు గుండీలు పెట్టుకుని ఫారం పట్టుకుని బయటికి వెళ్లి, బండి పక్కన పరుగు అందుకున్నారు.

"సార్... పూర్తిపేరు... పెద్దక్షరాల్లో."

"రాశానండి."

"ఇంజను నంబరు... చాసిస్ నంబరు."

"అవి బండి కింద ఉంటాయండి. మీరే కాస్త వంగి చూస్తారా?"

మూడు చుట్లు అలా పరిగెత్తారు. సెక్యూరిటీ అతను జెండా స్తంభం దగ్గర నిలబడి చుట్లు లెక్కపెట్టాడు. నాలుగో చుట్టులో కీర్తివర్ధన్ గారికి ఊపిరి అందక, ఫారం కిటికీలోంచి తిన్నగా త్రినాథ్ ముఖానికి అడ్డంగా పెట్టి "ఇక్కడ... ఇంటూ మార్కు ఉన్నచోట" అన్నారు. త్రినాథ్‌కి దారి కనపడలేదు. ఐరావతం నడక వేగంతోనే, ఎవరినీ నొప్పించకుండా, గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీ తోరణంలోకి వెళ్లింది. 'మీ భద్రతే మా ఊపిరి' అన్న గుడ్డ బండి మీద మెల్లగా పందిరిలా వాలింది. వైపర్ కాసేపు 'ఊపిరి'ని అటూ ఇటూ తుడిచింది.

కీర్తివర్ధన్ గారు మోకాళ్ల మీద చేతులుపెట్టుకుని రొప్పారు. తరవాత కింద పడిన ఫారం తీసుకుని, వాచీ చూసుకుని రాశారు: *అవును. పదకొండు నలభై రెండు.*

*

వారం తిరక్కుండా ఆహ్వానపత్రం వచ్చింది. ఐరావతం యజమానుల కృతజ్ఞతా సదస్సు. కృతజ్ఞత ఎవరు ఎవరికి చెప్పాలో అందులో లేదు. వెళ్లాక తెలిసింది, మేమే చెప్పాలట.

మొత్తం తొమ్మిదిమంది యజమానులం. వేదిక మీద జోనల్ ఆనందాధికారి సుదర్శనమూర్తి గారు. పొడవాటి మనిషి, మెత్తటి గొంతు. ఆయన వెనక గోడ మీద నాలుగు జిల్లాల పటం, దాని నిండా ఆకుపచ్చ గుండుసూదులు.

"మిత్రులారా, ఈ జోన్లో ఐరావతం నూటికి నూరు శాతం ఆగింది. విమానాలకు కూడా ఇలాంటి రికార్డు లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇప్పుడు మీ మీ విరామ అనుభవాలు పంచుకోండి."

పోర్టులో రిటైరయిన జగ్గారావు గారు లేచారు. "నేను పెళ్లిపందిట్లో ఆగేనండి. వంట గాడిపొయ్యికి ఇంత ఎడంలో."

"భోజనం పెట్టారా?"

"పెట్టకేం, పెట్టేరు. తిట్టి పెట్టేరు."

"రాసుకోండి," అన్నారు సుదర్శనమూర్తి గారు పక్కకి తిరిగి, "భోజన సహిత విరామం."

ఒక లెక్చరరు గారు తన బండి భీమిలి ఇసకలో ఆగిందని, ఇంకో పది గజాలు పోతే సముద్రమేనని చెప్పారు.

"సముద్రం మాత్రం ఆపదా అమ్మా?" అన్నారు అధికారి ప్రేమగా.

అందరం చెప్పుకున్నాం. చెప్పిన ప్రతిసారీ ఒక కొత్త సూది దిగింది. తరవాత ఆయన కళ్లద్దాలు తీసి, గొంతు తగ్గించారు. పెద్ద ఆలోచన రాబోతోందని నాకప్పుడే భయమేసింది.

"బ్రేకు అనేది గతించిన శతాబ్దపు ఆలోచన. ఒక్కొక్క బండికి ఒక్కొక్క బ్రేకు ఎందుకు? ఎంత వ్యర్థం! ఊరంతటికీ ఉమ్మడిగా కొన్ని చోట్ల ఆపుదల ఉంటే సరిపోదా? మీరు అనుభవపూర్వకంగా కనిపెట్టిన ఈ స్థలాలనే సంస్థ 'అధీకృత విరామ కేంద్రాలు'గా గుర్తిస్తున్నది. మొట్టమొదటి కేంద్రం కొండవాలు వీధి అడుగున ఉన్న కొబ్బరి డొక్కల కుప్ప. కస్టమర్ త్రినాథ్ గారికి కరతాళధ్వనులు."

చప్పట్లు కొట్టారు. త్రినాథ్ లేవలేదు. నేను లేచాను.

"సార్, ఆ కుప్ప ముందు నూకాలమ్మ అనే ఆవిడ కూర్చుంటుంది. వెనక చిన్నపిల్లల బడి ఉంది."

"ఆమెకు ప్రశంసాపత్రం ఇస్తున్నాం."

"బడి సార్."

"బడి వారికి కూడా ఒకటి ఇద్దాం," అన్నారు ఉదారంగా. "ఎల్లుండి పది గంటలకు ప్రారంభోత్సవం."

*

మేం ఇంటికి వచ్చేసరికి బోర్డు పాతేశారు. నూకాలమ్మ దాని ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ త్రినాథ్‌ని చిన్నప్పట్నుంచీ ఎరుగును, 'తిన్నా' అనే పిలుస్తుంది.

"ఏటిరా తిన్నా ఇది? నా బండి ముందర పాతేసి ఎల్లిపోనారు. నీ పెళ్లాం సదువుకున్నాది గదా, సదవమను."

చదివాను. "'అధీకృత విరామ కేంద్రం, ఒకటి. ఇచ్చట ఐరావతములు ఆగును. కుప్ప ఎత్తు నాలుగున్నర అడుగులకు తగ్గరాదు. ఆగిన వారికి కేంద్ర నిర్వాహకురాలు చిరునవ్వుతో బొండాము ఇచ్చి స్వాగతించవలెను.'"

"నిర్వాహకురాలంటే ఎవుర్తి?"

"నువ్వే అత్తా," అన్నాడు త్రినాథ్.

ఆవిడ కత్తి కింద పెట్టింది. "మొన్న నీ బండి డొక్కల మీదకి పోనాది గాబట్టి సరిపోనాది. రెండడుగులు ఇటొస్తే నానే డొక్కనయిపోదును. ఇప్పుడు ఊళ్లో ఉన్న బళ్లన్నీ నా మీదకే తోలుతారా? నవ్వుతా కూకోవాలా? ఆ ఎనకాల పిల్లలున్నారు, ఆళ్లనీ నవ్వమంతారా?"

త్రినాథ్ బోర్డును పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు.

"బోర్డు పాతినోడిని ముందర ఆ బండెక్కించి పైనుంచి దింపమను. అప్పుడు సూద్దుం ఎవుడు నవ్వుతాడో," అని ఆవిడ మళ్లీ బొండాం అందుకుంది.

త్రినాథ్ నా వైపు చూశాడు. నేను అప్పటికే నవ్వుతున్నాను.

మర్నాడు ఉదయం సుదర్శనమూర్తి గారు, కీర్తివర్ధన్ గారు స్థల పరిశీలనకు వచ్చారు. వెంట పత్రికలో వేయించడానికి ఒక విలేఖరి. నేను చేతులు కట్టుకుని, కొత్తకోడలికి ఎంత వినయం ఉండాలో అంత వినయంతో ఎదురెళ్లాను.

"సార్, ప్రారంభోత్సవానికి రిబ్బను ఒక్కటే అయితే ఏం బాగుంటుంది? ఐరావతంలో మీరే పైనుంచి దిగి, మీరే ఇక్కడ ఆగితే, అది కదా ప్రారంభం."

విలేఖరి తలెత్తాడు. సుదర్శనమూర్తి గారు ఛాతీ విరిచారు. "మంచి సూచన."

"మా ఒక్క బండీ ఎందుకు సార్, తొమ్మిది ఐరావతాలూ వరసగా దిగితే? ముందు మీరు, వెనక మీ సిబ్బంది."

"అద్భుతం. రాసుకోండి," అన్నారాయన విలేఖరితో. అతను రాసుకున్నాడు. "యజమానులే నడుపుతారు కదా?"

"లేదు సార్," అన్నారు కీర్తివర్ధన్ గారు. నియమావళి చూడకుండా ఉండలేని మనిషి ఆయన. "సంస్థ కార్యక్రమాల్లో కస్టమర్లు వాహనం నడపరాదు. అధికారులే నడపాలి. పన్నెండో పేజీ."

"నడుపుతాం. మా ఐరావతమే కదా," అన్నారు సుదర్శనమూర్తి గారు. విలేఖరి అది కూడా రాసుకున్నాడు.

దారి చూద్దామని ఆయన వీధి పైకి నడిచారు. మేమూ వెళ్లాం. పైకెళ్లి, మా వాకిట్లో ఐరావతం పక్కన నిలబడి, కిందికి చూశారు. అక్కణ్ణుంచి నూకాలమ్మ అగ్గిపుల్లంత కనిపిస్తుంది. బడిలో ఏదో గంట కొట్టారు. పిల్లలు ఇసుక పోసినట్టు గేట్లోంచి బయటికొచ్చారు.

ఆయన చక్రాల కింద ఉన్న బండరాళ్ల వైపు చూశారు.

"ఇవెందుకు?"

"లేకపోతే అదే కేంద్రానికి వెళ్లిపోతుంది సార్," అన్నాడు త్రినాథ్.

"రోజూ ఇలాగే దిగేవారా?"

"దిగేవాళ్లం సార్. రేపు మీరు మాత్రం తొక్కడం ఆ రేషన్ డిపో దగ్గర మొదలుపెట్టాలి. డిపో ముందు లైను ఉంటే ఇంకా పైన మొదలుపెట్టండి. నవ్వుకుంటూ నడపకండి, ఆలస్యమవుతుంది."

సుదర్శనమూర్తి గారు మరోసారి రేషన్ డిపో వైపు చూశారు. తరవాత కీర్తివర్ధన్ గారిని పక్కకు పిలిచారు. ఇద్దరూ మా గోడ అవతల నిలబడి గుసగుసలాడుకున్నారు. గోడ పొట్టిది. అంతా వినిపించింది.

"బూస్టర్లు ఇవ్వడానికి వీల్లేదు సార్. ఫిర్యాదు ఒప్పుకున్నట్టవుతుంది. నూరు శాతం పోతుంది."

"ఫిర్యాదు మీద ఎందుకయ్యా ఇవ్వడం? ప్రారంభోత్సవానికి పూలదండలు, మామిడాకులు తెప్పిస్తున్నామా లేదా? ఆ పద్దులో రాయి. అలంకరణ."

ఒంటిగంటకల్లా ఆఫీసు ఉత్తర్వు వచ్చేసింది. దాన్ని నేను దాచుకున్నాను. 'రేపటి ఉత్సవమునకు శోభ చేకూర్చు నిమిత్తము తొమ్మిది వాహనములకు అలంకరణ సామగ్రిగా బ్రేకు బూస్టర్లు తొమ్మిది బిగించవలెను. ఉత్సవము ముగిసిన వెంటనే సదరు అలంకరణను తొలగించి గోడౌనుకు తిరిగి చేర్చవలెను.'

మూడు గంటలకు కంపెనీ వ్యాను వచ్చింది. మిగతా ఎనిమిది బళ్లూ ఫస్టు గేర్లో, వెనకదారిన మా వీధి పైకి చేరాయి. జగ్గారావు గారు ఇంటినుంచి మజ్జిగ తెచ్చి అందరికీ పోశారు. కంపెనీవాళ్లు ముందు బూస్టర్లు బిగించి, వాటి మీద బంతిపూల దండలు చుట్టారు. లెక్క అలంకరణ కాబట్టి పూలు లేకపోతే ఆడిటులో అడుగుతారట. పైడిరాజు మా గోడ మీద కూర్చుని కళ్లప్పగించి చూశాడు.

"ఇరవయ్యేళ్లయిపోనాది బాబూ ఈ పనిలోకొచ్చి. బూస్టరుకి దండెయ్యడం ఇదే సూడ్డం."

అయిదు గంటలకు కంపెనీ వ్యాను వెళ్లిపోయాక త్రినాథ్ రాళ్లు తీశాడు. నేను ఎక్కి కూర్చున్నాను. వీధి దిగాం. రేషన్ డిపో వచ్చింది, వెళ్లిపోయింది. త్రినాథ్ కాలు కదపలేదు. నేను సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. బోర్డుకు పది గజాల దూరంలో ఒక్కసారి తొక్కాడు.

బండి ఆగింది. నిట్టూర్చలేదు. నూకాలమ్మ చెంగు కూడా కదల్లేదు.

నేను త్రినాథ్ చేతుల వైపు చూశాను. స్టీరింగ్ మీద నిశ్చలంగా ఉన్నాయి. కాసేపటికి అతను ముందుకే చూస్తూ "అరకులో ఇప్పుడు పొద్దున్నే పొగమంచు ఉంటుందట," అన్నాడు. పెళ్లయ్యాక నేను విన్న మాటలన్నిటిలోకీ దీనికి ఆరు నక్షత్రాలు ఇవ్వాలి. కంపెనీ ఫారంలో అయిదే ఉన్నాయి.

నూకాలమ్మ బొండాం తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది. నిబంధన ప్రకారమని మేం అనుకోలేదు.

"ఉత్సవం అయిపోతే ఇప్పేసి అట్టుకుపోతారంట గదరా?" అంది.

"అయిపోతే కదా అత్తా," అన్నాడు త్రినాథ్.

అప్పటికే యజమానులందరం వాకిట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. రేపు ఉదయం అయిదింటికి తొమ్మిది ఐరావతాలూ దండలతో సహా అరకు బయల్దేరుతున్నాయి. ముందు బండి మాది. వెనక సీట్లో నూకాలమ్మ, ఆవిడ పక్కన ఇరవై బొండాలు. పైడిరాజు లెక్చరరు గారి బండిలో వస్తున్నాడు. జగ్గారావు గారు పులిహోర చేయిస్తున్నారు. ఈసారి తిట్లు లేకుండా పెడతామన్నారు. వీధి చివర బోర్డు, రిబ్బను, ఇద్దరు అధికారులు, విలేఖరి మాత్రమే ఉంటారు.

పది గంటలకు ఫోను వస్తుంది. వాహనాలు ఏమయ్యాయని అడుగుతారు. ఆ ప్రశ్నకు మా దగ్గర లిఖితపూర్వకమైన జవాబు సిద్ధంగా ఉంది. మధ్యాహ్నమే సర్వీసు కేంద్రానికి వెళ్లి కీర్తివర్ధన్ గారి బల్ల మీంచి ఖాళీ ఫారాలు తొమ్మిది తెచ్చుకున్నాను. ప్రతిదాని మీదా, వాహనం చివరికి ఆగిందా అన్నచోట, నా చక్కటి దస్తూరితో 'కాదు' అని నింపాను. యజమానుల సంతకాలు మాత్రం పెట్టలేదు. అవి అధికారి సమక్షంలో పెట్టాలని నియమావళిలో ఉంది, మేం నిబంధనలు తప్పేవాళ్లం కాదు.

సంతకాలు కావాలంటే రేపు కీర్తివర్ధన్ గారే ఘాట్ రోడ్డు మీద మా బళ్ల పక్కన పరిగెత్తుకుంటూ రావలసి ఉంటుంది. కాస్త మెల్లగానే నడుపుతామని త్రినాథ్ అన్నాడు.